అన్న సీట్లో తమ్ముడు

ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల వ్యాను తోలే భిక్షం రెండు గొప్పలు చెప్పుకునేవాడు. ఆ కొండ మలుపుల్లో తన వ్యాను ఏనాడూ దేనికీ తగల్లేదన్నది ఒకటి. డ్రైవర్ల అన్నదమ్ముల సంఘం పెట్టిన పదకొండు మందిలో తానొకడినన్నది రెండోది. మొదటిది పచ్చి అబద్ధమని స్టూడియో గేటుకే తెలుసు. రెండోది మాత్రం నికార్సయిన నిజం.

సంఘం పుట్టింది కయ్యంలోంచే. ఎనభై మూడులో మద్రాసు నుంచి వచ్చే సినిమావాళ్లతోపాటు కోస్తా డ్రైవర్లూ దిగారు. నీడన బండి ఎవరు పెట్టుకోవాలన్నదాని మీద వాళ్లకూ ఇక్కడివాళ్లకూ రోజూ తగువే. అంతలో భిక్షానికి కామెర్లొచ్చి నెల్లాళ్లు మంచం పట్టాడు. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడు పాపం. వారం కిందటే అతని కాలరు పట్టుకున్న కోస్తా డ్రైవరు బసవపున్నయ్య, తన డ్యూటీ దిగగానే భిక్షం వ్యాను ఎక్కాడు. నెల్లాళ్లూ రెండు బళ్లూ తనే తోలాడు. భిక్షం తిరిగొచ్చి దణ్ణం పెట్టబోతే, "ఊరుకోవయ్యా, నీ సీటు ఖాళీగా ఉంటే బాగోదని కూర్చున్నాను" అన్నాడు. అదే సంఘానికి మొదటి నియమమైంది. అన్న సీటు ఖాళీ అయితే తమ్ముడు కూర్చోవాలి. వయసుతో పనిలేదు, అందరికీ అందరూ అన్నలే.

తర్వాత సెలవు రోజున ఒక్కొక్కరూ బండి తీసి బోరబండ గర్భిణులను ఆసుపత్రికీ, పిల్లలను పరీక్షలకూ చేర్చడం మొదలుపెట్టారు. యజమానులకు చెప్పారా అంటే, కొందరికి చెప్పారు. మిగతావాళ్లకు మెల్లగా వాళ్లకే తెలిసింది.

తొంభై ఒకటిలో సంఘం కంటి శిబిరం పెట్టింది. స్టూడియోవాళ్లు షూటింగు లేక ఖాళీగా ఉన్న మూడో ఫ్లోరు ఇచ్చారు. డాక్టరు గారు పరీక్ష చేసి, ఆపరేషన్ కావలసినవాళ్లను పన్నెండున్నరకు తన బస్సులో ఆసుపత్రికి తీసుకుపోతారు. బస్సెక్కినవాళ్లకే ఆపరేషన్. భిక్షం తల్లి అనసూయమ్మకు రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. గడప దిగుతూ రెండుసార్లు పడింది. రెండేళ్లు బతిమాలితే, "గీ ఒక్కపారే వస్త బిడ్డా, మళ్ల అడుగద్దు" అని ఒప్పుకుంది. ఆమె మాటంటే మాటే. అందుకే ఆ రోజు భిక్షం ఆమెను మొదటి విడతలోనే వ్యాను ఎక్కించాడు.

బోరబండ నుంచి పద్నాలుగు మంది ముసలివాళ్లను గేటు దగ్గర దింపి, రెండో విడత కోసం వెళ్లాడు. అక్కడే కొంప మునిగింది. ఆ పక్కన రెండో ఫ్లోరులో ఊరి పంచాయతీ సీను తీస్తున్నారు. దానికి రావలసిన ముసలి ఆర్టిస్టులు ఇంకా రాలేదు. రోజూ ఆర్టిస్టులను తెచ్చే వ్యానులోంచి కర్రలు పట్టుకుని ముసలివాళ్లు దిగితే అసిస్టెంటు డైరెక్టరు సుబ్రహ్మణ్యం ఏమనుకుంటాడు? "ఇంత ఆలస్యమా" అని కసిరి, అందరినీ లోపలికి తోలుకుపోయాడు.

పన్నెండుకు పది నిమిషాల ముందు భిక్షం తిరిగొచ్చేసరికి మూడో ఫ్లోరులో వాళ్లు లేరు. పరుగున వెతికితే, రెండో ఫ్లోరులో పెద్ద పెద్ద లైట్ల ముందు అనసూయమ్మ నిటారుగా కూర్చుని ఉంది.

"అమ్మా, గీడేం జేస్తున్నవే?"

"సప్పుడు జెయ్యకురా. డాక్టరు సారు లైటేసి చూస్తుండు. కదలొద్దన్నడు."

డైరెక్టరేమో మురిసిపోతున్నాడు. "ఇంత లైటు పడుతున్నా రెప్ప వెయ్యదే, ఎవరయ్యా ఈవిడ?"

"మా అమ్మ సార్. ఆమెకు కనబడది," అన్నాడు భిక్షం. బస్సు సంగతి చెప్పాడు.

డైరెక్టరు చెడ్డవాడు కాదు, కానీ తల పట్టుకున్నాడు. వీళ్ల ముఖాలు అప్పటికే ఫిల్ములోకి ఎక్కాయి. ఇంకా నాలుగు షాట్లున్నాయి. "వెనక నుంచి తీసేవే. అయినా మనుషులు ఉండాలి కదయ్యా!"

"కావలసింది వీపులే కదండీ," అన్నాడు బసవపున్నయ్య గుమ్మంలోంచి. "మా దగ్గర బోలెడున్నాయి."

ఇంకేముంది, పావుగంటలో పద్నాలుగు మంది డ్రైవర్లు తలపాగాలు చుట్టారు, చీరలు కట్టారు. బసవపున్నయ్య మీసానికి కొంగు అడ్డం పెట్టుకున్నాడు. కాస్ట్యూమ్స్ ఆవిడ అనసూయమ్మకు వేరే చీర కట్టి, ముసలివాళ్లందరినీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆమె విడిచిన నీలం చీర చుట్టుకుని, ముసుగేసుకుని, భిక్షం తల్లి చోట్లో కూర్చున్నాడు. పన్నెండున్నరకు బయట బస్సు హారన్ వినబడింది. అమ్మ ఎక్కేసిందని ఎవరో వచ్చి చెబితే, ఆ ముసుగులోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఆ నీలం చీర బ్రహ్మాండం, కట్ చెయ్యకండి" అన్నాడు డైరెక్టరు.

ఆరు నెలలకు బొమ్మ వచ్చింది. అప్పటికి అనసూయమ్మ కళ్లద్దాలతో బియ్యంలో రాళ్లు తానే ఏరుతోంది. సంఘమంతా కుటుంబాలతో హాలుకు వెళ్లింది. తెర మీద ఆమె ముఖం కనబడగానే ఈలలే ఈలలు. వెంటనే వెనక నుంచి తీసిన షాటు వచ్చింది, నీలం చీర వీపు ఎగిరెగిరి పడుతోంది. "అగో, మళ్ల నువ్వే!" అంది ముందు వరసలోని పక్కింటి మంజులత.

"నేను గాదు. నా కొడుకు," అంది అనసూయమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా. "ఏడుస్తుండు. నాకు చెప్పనే లేదు."

డ్రైవర్లంతా పగలబడి నవ్వుతున్నారు. ఆమె చీకట్లోనే పక్కసీట్లో ఉన్న కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. బొమ్మ అయిపోయేదాకా తియ్యలేదు.