ఉత్తుత్తి పసుపు

బెల్ మోగగానే నా కాళ్లు మెట్ల వైపు వెళ్లిపోయేవి. నోట్‌బుక్కులు దిద్దుతున్నా, చేతిలో పుస్తకం మంచి పట్టులో ఉన్నా అంతే. ఆ పాప మెట్ల మీద ఎక్కడ కాలు వేస్తుందో చూసేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు.

మా బడి పాతనగరంలో, ఓడ కూత వినిపించేంత దూరంలో ఉంది. అక్కడ రెండో తరగతికి నేను సహాయ టీచర్‌ని. పాపకి ఏడేళ్లు. చూపు బొత్తిగా లేదని కాదు. రంగులు తెలుస్తాయి, ఎదురుగా మనిషి ఉంటే తెలుస్తుంది. ఎత్తుపల్లాలే తెలియవు. మా వరండాది ఎర్ర గచ్చు, మెట్లూ ఎర్ర గచ్చే. నీడలో అవన్నీ కలిసిపోయి ఆమెకి ఒకే ఎర్రటి నేలలా కనిపించేవి. ఒకసారి పడి పెదవి చిట్లింది.

రెండో తరగతి కిందే, పొద్దున్న ఇంటర్వెల్ దాకా జరిగే పాటల క్లాసుకే మేడ ఎక్కాలి. మూడో తరగతి మొత్తం మేడ మీదే. హెడ్మిస్ట్రెస్ గారు పాప తల్లిని పిలిచి మర్యాదగానే చెప్పారు. "వేసవి సెలవుల్లోగా ఒక్కతే ఎక్కడం వస్తే సరే. లేదంటే ఇంకో బడి చూసుకోవాలమ్మా."

ఆ తల్లి ఇంట్లో కుట్టు మిషను మీద జాకెట్లు కుడుతుంది. నడిచి రాగల బడి వాళ్లకి ఇదొక్కటే. తల మీది ముసుగు సర్దుకుని, నా వైపు తిరిగి, "మీరే సూడాల టీచరు" అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే ఉక్కునగరం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా పుస్తకం తెరవలేదు.

మెట్ల అంచులకి పసుపు రంగు వేస్తే ఆమెకి తెలుస్తుందని నాకు తోచింది. అడగడానికే చాలా రోజులు పట్టింది. ఆ మాటని డైరీలో ఎన్ని రకాలుగానో రాసుకున్నాను. తీరా హెడ్మిస్ట్రెస్ గారి గదిలో నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. "మెట్లకి... పసుపు రంగు వేస్తానండి" అన్నాను. "వెయ్యమ్మా, కళగా ఉంటుంది" అన్నారావిడ.

వేశాను. పాపకి ఒక్కటే నేర్పాను: పసుపు వస్తే కాలెత్తాలి. వాళ్లు ముస్లింలు, ఇంట్లో గడపకి పసుపు రాసే అలవాటు లేదు. అందుకని ఆమెకి పసుపంటే మెట్టు, ఇంకేమీ కాదు. కొన్ని వారాలకి సగం మెట్ల దాకా వచ్చి నా వేలు వదిలేసింది. ఆ తర్వాత నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు.

స్కూలు వార్షికోత్సవానికి నాకు జ్వరం. తిరిగి వచ్చేసరికి బడి పెళ్లిల్లులా ఉంది. ప్రతి క్లాసు గుమ్మానికీ, వరండాకి అడ్డంగా చదును నేల మీదా పసుపు రంగు పట్టీలు, వాటి మీద ఎర్ర బొట్లు. "సూసేవా, నీ ఐడియానే ఇంకా పొడిగించేం" అంది తోటి టీచర్ ముచ్చటగా. నేను నవ్వాను. నవ్వుతూనే గేటు వైపు చూస్తున్నాను.

పాప వచ్చింది. మొదటి పట్టీ దగ్గర ఆగి కాలెత్తింది. పైన మెట్టు లేదు. పాదం దబ్బున నేలకి కొట్టుకుంది. రెండో పట్టీ దగ్గరా అంతే.

"కొంగ వత్తంది, తప్పుకోండ్రా" అన్నాడు వెనక ఒకడు.

తర్వాతి పట్టీకి ఆమె కాలెత్తలేదు. నాకు భయం వేసింది అప్పుడే. అలాగే కాలెత్తకుండా నిజం మెట్ల మీదికీ వెళ్లిపోతుంది. పరిగెత్తాను. మొదటి మెట్టుకి బూటు తగిలి తూలి నా చేతుల్లో పడింది. ఏడవలేదు.

"టీచరు, ఇది నిజం పసుపా, ఉత్తుత్తి పసుపా?" అని అడిగింది.

స్టాఫ్ రూంలో నేనెప్పుడూ తలుపు పక్క కుర్చీలో కూర్చుంటాను, లేచి పోవడం తేలికని. ఆ రోజు కూర్చోలేకపోయాను.

"వరండాలో పసుపు తీసేయాలండి."

హెడ్మిస్ట్రెస్ గారు కళ్లద్దాలు తీశారు. "తీసేడమేటమ్మా? శుక్రవారం పూట పసుపు చెరుపుతావా?"

బడి ఊడ్చే ఆయమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "నాను ముట్టుకోను తల్లీ. పసుపు సెరిపిన సెయ్యి నాకొద్దు. పెళ్లి కావలసిన పిల్లవి, నువ్వూ ముట్టుకోకు."

అందరూ నవ్వారు. వివరంగా చెప్పడం నాకు రాదు కాబట్టి, పాప అడిగిన మాటే అప్పజెప్పాను. "నిజం పసుపా, ఉత్తుత్తి పసుపా అని అడిగిందండి. దానికి నేనేం చెప్పాలి?"

నవ్వు ఆగింది. హెడ్మిస్ట్రెస్ గారు కిటికీలోంచి వరండా వైపు చూశారు. పసుపు వద్దనడానికి ఆవిడకీ నోరు రాలేదు. "చెరపకుండా ఏదైనా చెయ్యగలవా?"

"పైన గచ్చు రంగు వేసేస్తానండి. ఎరుపు."

ఆయమ్మ ఒక అడుగు లోపలికి వేసింది. "ఎరుపైతే పర్లేదు. పసుపు మీద కుంకం ఎట్టినట్టే గదా."

శనివారం బడి వదిలాక ఇద్దరం వేశాం. ప్రతి పట్టీ దగ్గరా ఆయమ్మ ముందు దణ్ణం పెట్టి, ఆ తర్వాతే కుంచె తీసింది. ఆదివారమంతా సముద్రపు గాలి తడితడిగా వీచింది. రంగు ఆరిందో లేదో అని నాకు అన్నం సహించలేదు.

సోమవారం పాప వరండా పొడుగునా మామూలుగా నడిచింది. మెట్ల దగ్గర ఆగి, బూటు కొనతో అంచు తట్టి చూసుకుంది. ఎక్కడం మొదలుపెట్టింది. నేను కూడా ఒక కాలు మెట్టు మీద పెట్టాను.

"రావొద్దు టీచరు" అంది, వెనక్కి చూడకుండానే.

మలుపు తిరిగాక కనిపించలేదు. బూట్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పైకి వెళ్లేకొద్దీ నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఆగిపోయింది. నేను అప్పటికే మలుపు దాకా ఎక్కేశాను.

"టీచరు," పైనుంచి కాస్త విసుగ్గా గొంతు. "సివరి మెట్టుకి పసుపు ఊడిపోనాది. కాల్తో సూసుకుని ఎక్కేసినాన్లెండి. మళ్లీ ఎయ్యండి."

కింద హెడ్మిస్ట్రెస్ గారు గది బయటికి వచ్చి పైకి చూస్తున్నారు. "వాళ్లమ్మకి చెప్పమ్మా, వేరే బడి వెతకొద్దని."

చెబుతానన్నానో లేదో గుర్తు లేదు. స్టోర్ గదిలో మోకాళ్ల మీద కూర్చుని పసుపు రంగు డబ్బా మూతతో కుస్తీ పడుతున్నాను. అది బిగుసుకుపోయింది. ఇంటర్వెల్ బెల్ కొట్టేలోగా మూత రాకపోతే పాప దిగేటప్పుడు ఎలా అనే తప్ప నాకింకో ఆలోచన లేదు.