ఖాదర్ సాబ్ ఖాళీ చేయించిన చేలు

మొన్న ఇస్నాపూర్ రోడ్డు పక్కన ఎవరో లేత జొన్న కంకులు నిప్పుల మీద కాలుస్తున్నారు. ఆ కమ్మటి వాసనకు నాకు నోరూరలేదు, కడుపు మండింది. ఆ వాసనకూ మా ఫారెస్టరు ఖాదర్ సాబ్‌కూ నా మనసులో ఎప్పుడో ముడిపడిపోయింది.

డెబ్బైల మొదట్లో నేను అడవిశాఖలో కొత్త గార్డును, ఆయన నా పైవాడు. పటాన్‌చెరు దాటాక సర్కారు కాపాడే అడవి అప్పటికే రెండు ముక్కలైంది. మధ్యలో చెట్లు కొట్టి కొందరు జొన్న వేసుకున్నారు. అటు ముక్కలోని జింకలు ఇటు కుంటకు నీళ్ళకు రావాలంటే ఆ చేలలోంచే దారి. వస్తే పంట పోతుంది, రాకపోతే అవి దప్పికతో చస్తాయి. పైవాళ్ళు కేసులు రాయమనేవారు. ఒకరోజు ఆ చేలలో ఒకటి సాగుచేసే లచ్చమ్మ, కాల్చిన కంకులు తెచ్చి మా ముందు పెట్టింది. నేను చెయ్యి చాచాను. సాబ్ ఆపాడు.

“కేసు రాసే చేత్తోని తినొద్దు. తింటే రాయలేవు, రాస్తే తిన్నది అరగదు.”

కేసులు రాయడం ఆయనకు ఇష్టం లేదు. నెలల తరబడి ఇంటింటికీ తిరిగి, అరుగుల మీద కూర్చుని, చేలు విడిచిపెట్టమని బతిమాలాడు. అందరికంటే గట్టిగా ఎదురు తిరిగింది లచ్చమ్మే.

“మేం ఇడిచిపెడ్తం. రేపు ఇంకోడు దున్నితే?”

“ఎవ్వడూ దున్నడు. దొర గూడ దున్నడు. అది జంగలే ఉంటది. నా జబాన్, మాటిస్తున్న.”

“సర్కారు జబాన్ అయితే నాకొద్దు. నీదైతే సరే” అంది.

ఆ ఏడు కోతలయ్యాక అందరూ చేలు విడిచి కూలికి మళ్ళారు. ఆ రోజే సాబ్ మొదటిసారి ఆమె ఇంట్లో కూర్చుని జొన్న గట్క తిన్నాడు.

రెండేళ్ళలో అక్కడ గడ్డీ, తుమ్మా, రేగూ లేచాయి. పొద్దుగూకే వేళ జింకలు దాటుతుంటే సాబ్ నన్ను మోచేత్తో పొడిచి నవ్వేవాడు. అంత సంతోషం మళ్ళీ ఆయన ముఖంలో చూడలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, మూడో ఏడు ఆ నేలలో ఒక కార్ఖానా కోసం హద్దురాళ్ళు పాతారు. ఇద్దరం పెద్ద అధికారి దగ్గరకు పరుగెత్తాం. ఆయన చాయ్ తాగుతూ, “మంచి పనే చేశావయ్యా ఖాదర్. సాగులో ఉంటే పరిహారం, కోర్టులు, నానా రభస. ఖాళీగా ఉంది కాబట్టి సులువైంది” అన్నాడు. తిట్టినా బాగుండేది, మెచ్చుకున్నాడు.

గోడ లేస్తుంటే వెళ్ళాం. లచ్చమ్మ తన చేలోనే ఇసుక తట్ట మోస్తోంది. సాబ్ టోపీ తీసి నిలబడ్డాడు.

“నువ్వు చెడ్డోనివైతే మంచిగుండేది సాబ్, కడుపునిండ తిట్టుకుందుము” అని ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సాబ్ ఎవరినీ బతిమాలలేదు. ఉద్యోగం ముగిసేదాకా, రాయమన్న చోటల్లా కేసులు రాశాడు. సర్కారు మీద నా కోపం ఎప్పుడో పాతబడింది. తన చేతిలో లేనిదానికి జబాన్ ఇచ్చిన ఆయన మీద కోపం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది, ఆయనంటే నాకు ప్రాణం కనుక. నేనూ ఫారెస్టరునయ్యాక, నీ మాట వింటారు కదా అని పైవాళ్ళు నన్ను అడవిలో సాగుచేసే ఒక ఊరిని ఒప్పించమన్నారు. వెళ్ళాను. ఊరంతా చుట్టూ చేరింది. “చేలు ఇడువమంటవా సారూ?” అని ఒక ముసలాయన అడిగాడు. “నా మాట మీదైతే ఇడువకుండ్రి” అన్నాను. ఆ ఊరు చేలు విడవలేదు. అక్కడ అడవి ఎంతమేర ఉండేదో ఇప్పుడు నేనే చూపించలేను.