చెంబుకు ముందు, డ్రమ్ముకు వెనక

నల్లమాడ పక్కన మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు దగ్గర జరిగిన ఘోరం చెబుతాను. తప్పు వానదేవుడిది కాదు, నాది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నేను చదివితే ఉన్న నీళ్ళు కూడా పోయాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంగ్లండులో అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఎమ్మెస్సీ చదువుతూ సెలవులకు వచ్చాను. నా పాఠం, క్యూల గణితం. ట్యాంకరు నడిపే ఖాదరన్న విని, "లైన్లో నిలబడేదానికి కూడా చదువుండాదా అప్పా? అది నేర్చుకోడానికి అంత దూరం పోతివా?" అన్నాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ రోజే మా అక్క బిడ్డకు పేరు పెడుతున్నాం. చుట్టాలకు వంట కావాలంటే మా డ్రమ్ము నిండాలి. అందుకే అమ్మ తెల్లవారకముందే దాన్ని వరుసలో అందరికంటే ముందు పెట్టింది.

"ఈ వరుసే తప్పు," అన్నాను. "చిన్న పాత్రలకు ముందు పోస్తే, అందరూ నిలబడే సగటు సమయం తగ్గుతాది. డ్రమ్ము చివరికి పోవాల."

"అది మన డ్రమ్మురా," అంది అమ్మ.

"లెక్కకు మన, పర లేదమ్మా." నా చేతులతో నేనే దాన్ని చివరికి దొర్లించాను.

బిందెలు నిండుతున్నాయి. లెక్క ప్రకారం వరుస తగ్గాలి కదా? పెరుగుతోంది. ఏమీ అర్థం కాలేదు. ఇందాక బిందె నింపుకెళ్ళిన పక్కింటి లక్ష్మక్క మళ్ళీ ముందే నిలబడి ఉంది.

"నీది అయిపోయింది కదక్కా?"

"అది బిందె. ఇది చెంబు. చిన్నదానికే ముందని నువ్వే చెప్తివి కదప్పా."

ఆమె వెనక లోటాలు, టిఫిను డబ్బాలు, ఒకామె చేతిలో ఉగ్గుగిన్నె. నీళ్ళు పట్టుకున్నవాళ్ళు చెంబుతో మళ్ళీ వస్తారని మా ప్రొఫెసరు చెప్పలేదు. తప్పెక్కడుందో వేళ్ళమీద వెతుకుతుండగానే పైపు రెండుసార్లు దగ్గింది.

"అయిపోయిందప్పా. మళ్ళా రేపే," అన్నాడు ఖాదరన్న.

అమ్మ ఖాళీ డ్రమ్ములోకి తొంగిచూసింది. "సగటు తగ్గిందా నాయనా?"

"చానా తగ్గిందమ్మా."

"అయితే ఆ సగటుతోనే ఎసరు పెట్టు."

సిగ్గుతో చచ్చిపోతూ, చెంబు పట్టుకుని నీళ్ళకోసం ఇల్లిల్లూ తిరిగాను. లక్ష్మక్క గడపలో నన్ను ఎగాదిగా చూసింది.

"చెంబేనా? అయితే నీకే ముందు, రా."

పేరుపెట్టే పండగ అలా చెంబు చెంబుగా గట్టెక్కింది. ఆ చెంబెడు నీళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక బతికుండగా ఏ వరుసనూ సరిదిద్దను. నా ముందున్నవాడు ఏనుగుకు నీళ్ళు పోయిస్తున్నా, నోరు మూసుకుని దాని తోక వెనకే నిలబడతాను.