వరహాలరావు మాస్టారి ఫోను తగువు

మా లెక్కల మాస్టారు వరహాలరావుకి ఒకే ఒక్క జబ్బు. ఫోనుతో తగువు పెట్టుకుంటాడు. ఫోనులో తగువంటే అవతల ఓ మనిషి ఉంటాడు, దానికో అర్థం ఉంటుంది. ఈయన తగువు ఫోనుతోనే. వీడియో కెమెరా నొక్కి, దాని కంట్లోకి తేరిపార చూసి, లెక్క అడిగి, జవాబు కోసం ఆగి, రాని జవాబుకి తిడతాడు.

హుకుంపేట నుంచి ఆటోలో ముప్పావుగంట పోతే వచ్చే హైస్కూల్లో ఆయన లెక్కలు, నేను సోషలు. నా పేరు లక్ష్మీప్రసాద్. పదో తరగతి రిజిస్టర్లు, పిల్లలకిచ్చిన ట్యాబుల లెక్కా నా చేతుల్లోనే ఉంటాయి గనుక బడిలో కాస్త క్రమశిక్షణ మిగిలిందంటే అది నా చలవే. మా రెండు గదుల మధ్య గోడ కట్టినవాళ్ళు పైకప్పు దాకా కట్టలేదు. అందుకని నేను తొమ్మిదో తరగతికి మొదటి ప్రపంచ యుద్ధం చెబుతుంటే, రెండు దేశాలు ఢీకొనే సమయానికి సరిగ్గా పక్కగదిలోంచి వినబడేది.

"ఏటే గుంటా, కాయ ఎక్కడ పెట్టావే? మల్లీ మర్చిపోనావా?"

నా పిల్లలు ఫక్కున నవ్వేవాళ్ళు. యుద్ధం అక్కడితో ఆగిపోయేది.

ఆయన గదిలో ప్రభుత్వం వారిచ్చిన పెద్ద ప్యానెల్ బోర్డు ఉంది. గోడంత తెర. వేలు పెడితే రాస్తుంది, త్రిభుజాలు గిరగిరా తిరుగుతాయి. అలాంటి వస్తువు చేతిలో ఉంటే ఎవరైనా దాన్ని చూసి మురిసిపోతారు. ఈయన దానిమీద లెక్క వేసి, పక్కన నిలబడి, ఎదురుగా మూడు వెదురు బద్దలకి సైకిలు ట్యూబు ముక్కతో కట్టిన తన ఫోనుకేసి చూసేవాడు. ఆ ఫోనుకి తెర పగిలి నాలుగేళ్ళు. ముందు ఎదురుగా ఉన్న నలభైమందికీ చెప్పేవాడు. బాగానే చెప్పేవాడు, ఆ మాట ఒప్పుకోక తప్పదు. చివర్లో వాళ్ళందర్నీ వదిలేసి ఫోనుకి చెప్పేవాడు.

"ఇప్పుడు నువ్వు సెయ్యి. మూడు ఎక్స్ ప్లస్ పది ఈజీక్వల్టూ నాలుగు. ఎక్స్ ఎంత? తొందర్లేదు."

ఇక నిశ్శబ్దం. నేను ఓసారి గడియారం పట్టి చూశాను. నిమిషం నలభై సెకన్లు. ఆ సేపంతా మాస్టారు రెప్ప వేయడు. క్లాసులో నలభైమందీ గుళ్ళో హారతి వేళ నిలబడ్డట్టు నోరు మెదపరు, అలవాటైపోయింది పాపం. మధ్యలో "ఊఁ" అంటాడు. "ఉయ్యాల ఆగిపోనాది, సూడు" అంటాడు. క్లాసులో ఉయ్యాల ఎక్కడిది? ఆ తరువాత తిట్లు. "రెండు అన్నావు. నాకు తెల్సు. కాయని పట్టుకొని పండంటావేటే?"

లెక్కల్లో కాయలూ పండ్లూ ఏమిటో అడిగితే ఏం చెబుతాడోనని భయపడి నేనెన్నడూ అడగలేదు.

స్టాఫ్ రూములో మాత్రం వదిలేవాణ్ణి కాదు. "యూట్యూబు ఛానెల్ పెట్టారా మాస్టారూ?" అన్నాను ఒకరోజు, అందరూ వినేలా.

"అలాంటిదే అనుకోండి."

"చూసేవాళ్ళు ఎంతమంది?"

"ఒకరండీ."

"మీ ఆవిడా?"

"ఆవిడ కూడా సూడదండి," అని టిఫిను గిన్నె మూత తీశాడు. చింతపండు పులిహోర. నాకు కూడా పెట్టాడు, తిన్నాను. పులిహోర తిన్నంత మాత్రాన మనిషిని గౌరవించాలని ఎక్కడా లేదు.

పాడేరు నుంచి ఓ అధికారి తనిఖీకి వచ్చిన రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. ఈయన బండారం ఇవాళ్టితో బయటపడుతుందనుకున్నాను. అధికారి వెనక బెంచీలో కూర్చున్నాడు. మాస్టారు లెక్క అడిగాడు, ఫోనుకేసి చూశాడు, ఆగిపోయాడు. అర నిమిషం గడిచింది. అధికారి అటూ ఇటూ చూసి హెడ్మాస్టారి చెవిలో, "ఏమైందండీ ఈయనకి, నెట్టు అందట్లేదా?" అన్నాడు.

"ఈ కొండల్లో సిగ్నల్ అంతేనండి," అన్నారు హెడ్మాస్టారు చేతులు నలుపుకుంటూ.

అధికారి సానుభూతిగా తలూపి, సాంకేతికతను చక్కగా వాడుతున్నారని పుస్తకంలో రాసి వెళ్ళిపోయాడు. చదువుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఇక దేశం ఏమవుతుంది?

ఇంకో సంగతి. వారపు సంతరోజు ఈయన పనసగుడ నుంచి పసుపు అమ్మడానికి దిగే సుక్రు దగ్గరికి వెళ్ళి, చాటుగా ఓ వక్కపొడి డబ్బా చేతిలో పెట్టేవాడు. సుక్రు ఇంకో ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చేవాడు. ఇద్దరూ తలలూపుకునేవారు. మా మాస్టారు కొండ మీంచి జీలుగు కల్లు తెప్పించుకుంటున్నాడని నేను తేల్చేశాను. వక్కపొడి డబ్బాలో కల్లు ఎన్ని చుక్కలు పడుతుందన్న ఆలోచన నాకు రాలేదు. ఒక మనిషి పనికిరానివాడని ముందే తేల్చుకున్నాక అలాంటివి తోచవు.

ఈ సుక్రు కూతురే బేబి. పదో తరగతి. కార్తీకంలో కాఫీ పండు కోతకి వెళ్ళిన తల్లి బస్తాతో సహా వాలులో జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి బేబి హాస్టలు వదిలి ఇంటికెళ్ళింది. రెండు నెలలైనా రాలేదు. పబ్లిక్ పరీక్షలకి పేర్లు పంపాల్సిన గడువు దగ్గరపడింది. బడికి రానిది తప్పుతుంది, తప్పితే మన వంద శాతం పోతుందని హెడ్మాస్టారి బెంగ. చదువు మానేసిందని తండ్రిచేత కాగితం మీద సంతకం పెట్టిస్తే జాబితాలో ఆ పేరు కొట్టేయవచ్చు. ఆ పని నాకు అప్పజెప్పారు.

వరహాలరావు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, ఆ గుంట పేరు కొట్టీకండి. పరీక్ష రాత్తాది."

"బడికే రానిది పరీక్షేం రాస్తుందండీ? పేరు కొడితే ఈ ఏడు పోతుంది, అంతేగా?"

"ఈ ఏడు పోతే ఆ గుంట మరి రాదండి. కొండమీద పెళ్ళి సేసీస్తారు."

"అయితే ఏం చేద్దామంటారు?"

ఏదో చెప్పబోయి, నా బల్లమీది ట్యాబుల రిజిస్టరుకేసి చూసి ఊరుకున్నాడు. రెండు నెలల క్రితం అందులో బేబి ట్యాబు ఎదుట 'రిపేరు' అని నా చేత రాయించింది ఈయనే. బడికి రాని పిల్లల ట్యాబులు వెనక్కి తీసుకోవాలని రూలు. దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేసేవాణ్ణి నేను.

మర్నాడు పొద్దున్నే సంతకం కాగితాలు పట్టుకుని పనసగుడకి బయల్దేరాను. జీపు దిగాక రెండు గంటల ఎక్కుడు. నా చెప్పు మొదటి అరగంటలోనే తెగింది. ఈ చాకిరీ అంతటికీ కారణం ఆ ఫోను పిచ్చాడేనని దారి పొడుగునా తిట్టుకున్నాను. నిజానికి ఆయనకీ నా చెప్పుకీ ఏ సంబంధమూ లేదు.

సుక్రు వాకిట్లో కాఫీ పండ్లు ఎండుతున్నాయి. తల్లి కాలికి కట్టుతో చాప మీద పడుకుని ఉంది. ముసలమ్మ, అంటే సుక్రు తల్లి, నాకు పీట వేసింది. కూర్చోబోతుంటే ఇంటి వెనకనుంచి ఓ గొంతు.

"ఏటే గుంటా, తొందర్లేదు, నిదానంగా సెయ్యి."

నేను గతుక్కుమన్నాను. ఈ మనిషిని నిన్న సాయంత్రమే బడి దగ్గర వదిలి వచ్చాను కదా. లేచి వెనక్కి వెళ్ళాను.

బేబి నేలమీద కూర్చుని ఉంది. గుమ్మడికాయకి ఆనించి 'రిపేరు'లో ఉన్న ట్యాబు, అందులో వరహాలరావు. పక్కన తెరిచిన వక్కపొడి డబ్బా. అందులో మెమరీ కార్డులు. కాలి బొటనవేలికి కట్టిన తాడుతో తమ్ముడి ఉయ్యాల ఊపుతూ పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క చేస్తోంది. ముందు కొన్ని ఎర్ర కాఫీ పండ్లు, కొన్ని పచ్చి కాయలు. పండు ప్లస్సు, కాయ మైనస్సు. ఒక పండుని ఒక కాయ కొట్టేస్తుంది. మిగిలిన ఆరు కాయల్ని మూడు వాటాలు వేస్తే వాటాకి రెండు కాయలు. ఆ సేపంతా ట్యాబులో మాస్టారు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చివరి అంకె రాసేసరికి ఉయ్యాల ఆగింది.

"ఉయ్యాల ఆగిపోనాది, సూడు," అన్నాడు ట్యాబులోంచి.

బేబి తాడు లాగింది. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఆ నిమిషం నలభై సెకన్లూ ఈ పిల్ల చేతికి కొలిచి పెట్టినవి.

"రెండు అన్నావు. నాకు తెల్సు. కాయని పట్టుకొని పండంటావేటే?"

"మైనస్ రెండు అన్నాను సారూ," అంది బేబి ట్యాబుకేసి గుర్రుగా చూస్తూ. "సూడకుండానే తిట్టీడమేటి?"

"రోజూ ఇంతే బాబూ," అంది ముసలమ్మ నా వెనకనుంచి. "ఆయన తిడతాడు, ఇది తిడతాది. మద్దిన ఈ గుంటడికి నిద్దర నేదు."

అప్పుడు నన్ను చూసి బేబి ట్యాబు మీద గబుక్కున తువ్వాలు కప్పింది. "అది... రిపేరయిపోనాదండి," అంది.

ఈలోగా ఇంటికొచ్చిన సుక్రు నా చేతిలోని కాగితాలు చూసి కలం కోసం చెయ్యి చాపాడు. "ఎక్కడ పెట్టమంటారు బాబూ సంతకం?" ఏ కాగితమో, ఎందుకో అడగలేదు. మేం చదువుకున్నవాళ్ళం కదా, మంచికే అడుగుతాం అనుకున్నాడు. నాకు సిగ్గేసింది. చెప్పు తెగినప్పుడు కూడా అంత బాధ కలగలేదు.

"సంతకం కాదు. లెక్కలు చేసుకోమని తెచ్చాను," అని కాగితాలు బేబికి ఇచ్చాను. "వెనకవైపు ఖాళీగానే ఉంది."

బయల్దేరుతుంటే ఆ పిల్ల వాకిటిదాకా వచ్చింది. "సారూ, వరహాలు సారుకి ఒక మాట సెప్పండి. వారం నుంచీ కాయ మర్చిపోడం నేదని. ఊరికినే తిడతన్నారని."

సుక్రు ఊళ్ళో లేడని హెడ్మాస్టారికి చెప్పాను. నా ఉద్యోగంలో అదే మొదటి అబద్ధం. బేబి పేరు జాబితాలో వెళ్ళింది. ట్యాబుల రిజిస్టర్లో 'రిపేరు' అలాగే ఉంచాను.

మర్నాడు పదో తరగతి గదిలోకి వెళ్ళి కబురు చెప్పాను. వరహాలరావు ఫోను నొక్కాడు. "ఏటే గుంటా, కాయ పెడతన్నావంట. సోషల్ మాస్టారు సెప్పారు. తప్పయిపోనాది." ఆగాడు. నలభైమందీ ఆగారు. చాక్‌పీసు పట్టుకుని నేనూ ఆగాను. "నవ్వింది చాలు. సోషల్లో నీకు ఇరవై కూడా రావు. మాస్టారూ, ఓపాలి ఇలా రండి."

నేను వెళ్ళి వెదురు బద్దల ముందు నిలబడ్డాను. చొక్కా సర్దుకున్నాను. దేశంలో కాఫీ అన్నిటికంటే ఎక్కువ పండే రాష్ట్రం ఏదో చెప్పమని అడిగి, కెమెరా కంట్లోకి చూస్తూ ఊరుకున్నాను. నిమిషం గడిచింది. ఆ పిల్ల ఏమని ఉంటుందో నాకు తెలుసు.

"మనది కాదే గుంటా," అన్నాను. "కర్ణాటక. ముందు ఆ ఉయ్యాల ఊపు."