ఎదురింటి పుట్టిల్లు

మాచర్ల స్టేషన్ వెనక వీధిలో ఫాయిజా ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. సిలోను కోడలి ఇల్లంటే మాత్రం పసిపిల్లలు కూడా చూపిస్తారు. శ్రీలంకలో సముద్రపు ఒడ్డున కల్మునై ఆమె ఊరు. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుండగా, ఏసీ బాగుచేయడానికి వచ్చిన షాకిర్‌ని చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఒక్క ఏసీకి నాలుగుసార్లు ఎందుకు వచ్చాడని అడిగితే షాకిర్ ఇప్పటికీ నవ్వి ఊరుకుంటాడు.

అత్త కుల్సుం మంచిదే గానీ, ఆచారం దగ్గర ఇనుపగుండు. ఏడోనెల రాగానే మొదలుపెట్టింది.

"తొలికాన్పు పుట్టింట్లోనే జరగాల. మా ఇంట్లో ఏ కోడలూ అత్తింట్లో కనలా."

ఫాయిజాకి మాత్రం పోవాలని లేదా? తల్లిని ఆమె ఉమ్మా అంటుంది. ఉమ్మా చేత్తో తలకి నూనె పెట్టించుకోవాలనీ, ఉమ్మా చేసే కొబ్బరిపాల చేపలపులుసు తినాలనీ ఆ పిల్ల మనసు కొట్టుకుపోతోంది. కానీ వీసా పొడిగింపు కాగితాలు ఆఫీసులో నలుగుతున్నాయి. అవి చేతికొచ్చేదాకా దేశం దాటొద్దన్నారు. ఉమ్మా వద్దామన్నా, మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని మనిషి. దండెం మీద బట్టలు ఆరేస్తూ ఫాయిజా ఏడుస్తుంటే ఎదురింటి ఆదెమ్మ చూసింది.

ఆదెమ్మ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే మనిషి. ఫాయిజాకి తెలుగు నేర్పింది ఆమే. తిట్లతో సహా నేర్పింది. ఆ సాయంత్రమే వచ్చి కుల్సుం ముందు కూర్చుంది.

"పుట్టిల్లే గదా కావాల్సింది? మా ఇల్లు లేదా? ఇద్దరు మగపిల్లల్ని కన్నా. కోడళ్లిద్దరూ వాళ్ల పుట్టిళ్లకి పోయి కన్నారు. పురుడు పోసే భాగ్యం నాకెట్టా వస్తది?"

కుల్సుం చాలాసేపు ఆలోచించింది. "సరే వదినా," అంది, అప్పుడే వియ్యం కలుపుకుని. "కానీ వీధి దాటి నడిచిపోతే పుట్టింటికి పోయినట్టా? బండెక్కి పోవాల."

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆదెమ్మ భర్త ఎలీషా, చర్చికి వేసుకునే తెల్లచొక్కాతోనే ఆటో తెచ్చి, ఎదురింట్లో ఫాయిజాని ఎక్కించుకున్నాడు. బస్టాండు, సాగర్ రోడ్డు, స్టేషన్ అన్నీ తిప్పి తీసుకొచ్చి మళ్లీ అదే వీధిలో, పది అడుగుల అవతల దించాడు. దారంతా ఫాయిజా పొట్ట పట్టుకుని నవ్వింది. స్టేషన్ దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. అక్కడితో రైలుపట్టాలు అయిపోతాయి. ఏ రైలెక్కినా ఉమ్మా దగ్గరికి పోలేనని ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

నొప్పులు వచ్చిన రోజు ఆసుపత్రిలో పక్కనున్నది ఆదెమ్మే. ఫాయిజా ఉమ్మా, ఉమ్మా అని అరిచింది. ఆ పిలుపు తనని కాదని ఆదెమ్మకి తెలుసు. అయినా ప్రతిసారీ పలికింది.

"ఇదిగో, ఇక్కడే ఉన్నా."

ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు ఆదెమ్మ తల్లినీ బిడ్డనీ నేలమీద కాలు పెట్టనివ్వలేదు. తలకి నూనె కూడా పెట్టింది. మిరపకాయలతో గరుకెక్కిన చెయ్యి. మంచి చెయ్యే, కానీ ఉమ్మా చెయ్యి కాదు. కళ్లు మూసుకుని ఆ చేతిని ఉమ్మా చెయ్యి అనుకుందామని ఫాయిజా చానా ప్రయత్నించింది. కుదరలేదు. అందుకు సిగ్గుపడింది కూడా.

నలభయ్యో రోజున షాకిర్ ఆటో తెచ్చాడు. వచ్చినట్టే పోవాలని కుల్సుం పట్టు. ఆదెమ్మ చలిమిడి ముద్ద చేసి, కొబ్బరిముక్కలు కలిపి, డబ్బాలో పెట్టి ఒళ్లో ఉంచింది. గేటు పట్టుకుని నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎదురింటికే గదా పెద్దమ్మా!" అంది ఫాయిజా.

"అయితే ఏందే? పంపడం పంపడమే గదా."

ఆటో ఊరంతా తిరిగి, ముప్పావుగంటకి వీధిలోకి వచ్చింది. ఆదెమ్మ ఇంకా గేటు దగ్గరే ఉంది. అదే చెయ్యి, అదే గేటు మీద.

ఫాయిజా ఆటో దిగలేదు. బిడ్డని ఒళ్లో సర్దుకుని ఫోన్ తీసింది.

"ఉమ్మా, నేను కువైట్‌కి పోతూ తెల్లారి వ్యానెక్కానే, ఆరోజు నువ్వు ఎంతసేపు నిలబడ్డావు?" అని తమిళంలో అడిగింది. ఆరోజు ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోతానని భయం. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.



"మధ్యాహ్నం నమాజు పిలుపు దాకా," అంది అవతల ఉమ్మా. "ఏదన్నా మరిచిపోయి వెనక్కొస్తావేమో అనుకున్నా బిడ్డా."

ఫాయిజా బిడ్డని ఎత్తుకుని దిగింది. గుమ్మంలో దిష్టి తీయడానికి పళ్లెంతో నిలబడ్డ అత్త పిలుస్తూనే ఉంది. అటు పోకుండా వీధి దాటి ఆదెమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, పాలసీసా మరిచిపోయా."

తల్లిపాలు తప్ప మరేవీ ఎరగని బిడ్డ అది. ఆ ఇంట్లో పాలసీసా అన్నది ఎప్పుడూ లేదు.

ఆదెమ్మ గేటు తీసింది. "రా అమ్మా, ఎతుకుదాం," అంది.