పీక వదలండి

దెయ్యాల్లేవని ముప్పై ఏళ్లు సభలెక్కి వాదించాను. చేతబడి చేస్తామన్నవాళ్లను మండపేట నడిబజారులో నిలదీశాను. చనిపోయినవాళ్లు మాట్లాడరు. ఈ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోవడం లేదు. అయితే జరిగింది దాచడం నా పద్ధతి కాదు.

పోయిన తుఫానుకు మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. కింది వాటాలో అద్దెకుంటున్న సత్యవతి గారి భర్తకు ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ మిషను నడుస్తూ ఉండాలి. రెండో రోజు ఉదయానికి ఇన్వర్టర్ చేతులెత్తేసింది. చెట్లు పడి ఆసుపత్రికి దారి లేదు. సిలిండరులో మిగిలింది గంటకు మించి రాదు.

మా పెట్రోలు జనరేటర్‌ని పెరట్లోకి లాగాను. నా భార్య విమల పోయిన ఈ రెండేళ్లలో దాన్ని ముట్టుకోలేదు. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి తాడు గుంజితే స్టార్టయింది గానీ, పూర్తి పవరు ఇవ్వలేదు. ఆక్సిజన్ మిషను తగిలించగానే నల్లపొగ కక్కి కుంగిపోయేది. వోల్టేజి చాలక మిషను కీచుమనేది. ఫ్యాను, ఫ్రిజ్ తీసేశాను. ఫిల్టరు దులిపాను. కాగితం మీద వాట్ల లెక్క వేశాను. లెక్క ప్రకారం అలాంటి మిషన్లు రెండింటినైనా ఆ జనరేటర్ లాగాలి. లోపల్నుంచి ఆయన ఎగశ్వాస వినిపిస్తోంది.

సత్యవతి గారు కిటికీలోంచి కేకేశారు.

"ఏంటండీ మాస్టారూ, ఆవిడ అన్నిసార్లు చెప్తుంటే వినరు? పీక వదలండి అంటున్నారు కదా."

"ఎవరండీ?"

"గోడవతల ఎవరో ఆడమనిషండి."

గోడవతల వరిచేను. మోకాలి లోతు నీళ్లు. మనిషి జాడ లేదు.

ఆ మాటకు నా చెయ్యి చోక్ మీదకు పోయింది; స్టార్టు చేసేటప్పుడు ఇంజనుకు గాలి తగ్గించడానికి మూసింది అలాగే ఉంది. తెరిచాను. పొగ ఆగింది. ఇంజను శబ్దం సాఫీ అయింది. ఆక్సిజన్ మిషను మరి కీచుమనలేదు.

చోక్‌ని 'పీక' అనేది విమల. మా ఇంట్లో తాడు గుంజడం నా పని, ఇంజను అందుకోగానే చోక్ తెరవడం ఆమె పని. "పీక వదిలానండి, లైట్లేసుకోండి" అనేది. పద్దెనిమిదేళ్లు అలాగే నడిచింది. అందుకే ఆ పని నా చేతికి అలవాటు కాలేదు. సత్యవతి గారు ఈ ఊరొచ్చి నాలుగు నెలలే. విమలను ఆవిడ ఎరగరు.

నేనే గొణిగానేమో అనుకున్నాను. మరి ఆడగొంతు ఎలా అవుతుంది? కంగారులో ఆవిడ పొరబడ్డారా? సరిగ్గా ఆ మాటే ఎలా వచ్చింది? మూడుసార్లు అడిగాను. ఒకటే చెప్పారు. కారణం ఏదో ఉంటుంది. నాకు దొరకలేదు.

ఆయన బతికారు. నన్ను తినేస్తున్నది వేరే. రెండేళ్లుగా ఆ గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నది నేను. వినపడింది ఆవిడకు. ఇంజను హోరులో నా చెవిన పడలేదని సర్దిచెప్పుకుంటాను. అలా అనుకుంటే విమల మాట్లాడిందని ఒప్పుకున్నట్టే. తెలిసే, అలాగే అనుకుంటున్నాను.