పోస్టు డబ్బా దగ్గర ఆగే కారు

రత్నరాజు గారికి ఈ ప్రపంచంలో చేతకానిది ఒక్కటే ఉండేది: తన కారు తాను బాగుచేసుకోవడం. ఇదేమంత వింత అనకండి. ఆయన డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో గేర్‌బాక్సులు డిజైన్ చేసేవారు. ఏటా కొన్ని లక్షల కార్లు ఆయన గీసిన గీతల మీద ఆధారపడి పరిగెత్తేవి. అటువంటి మనిషి ఆదివారం వచ్చేసరికి సొంత కారు బానెట్ ఎత్తి, మొదటిసారి సముద్రాన్ని చూసినవాడిలా లోపలికి చూసి, "ఏదో తేడా చేసిందండీ" అనేవారు. ఆయన పాండిత్యం అక్కడితో సరి.

కారు 1951 మోడల్. దాన్ని కన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. పోయినవాళ్ళ పేరెత్తి వాళ్ళ బిడ్డ మీద చాడీలు చెప్పడం మర్యాద కాదు కనుక ఆ పేరు రాయడం లేదు. లేత ఆకుపచ్చ రంగు. పొడవు ఎంతంటే, నోవై అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ల ముందు దాన్ని నిలబెడితే ముందు భాగం మీద మంచు కురుస్తూ వెనక భాగం మీద ఎండ కాసేది. నేను అమెరికా వచ్చిన 1979లో పెట్రోలు కోసం జనం క్యూలు కట్టి, అగ్గిపెట్టెల్లాంటి కార్లు కొనుక్కుంటున్నారు.

"గ్యాలన్‌కి ఎన్ని మైళ్ళిస్తుందండీ?" అని అడిగాను ఒకసారి.

"పెద్దవాళ్ళని అలాంటివి అడక్కూడదండీ సుందర్ రాజ్ గారూ" అన్నారు రత్నరాజు గారు, నొచ్చుకుని.

ఆ కారును మా తెలుగు క్రైస్తవ సంఘం భరించడానికి కారణం దాని డిక్కీ. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు తమ ఆరాధన అయ్యాక బేస్‌మెంట్ మాకు ఇచ్చేవారు. ఆరాధన, ఆపైన భోజనం. నలభై కుటుంబాలకు సరిపడే బిర్యానీ గుండిగ పట్టే డిక్కీ మిచిగన్ రాష్ట్రంలో అదొక్కటే అని మా నమ్మకం. కనుక గుండిగ డిక్కీలో, ఆయన భార్య వసంతకుమారి గారూ నా భార్య లూసీ వెనక సీట్లో, నేను ముందూ. నాకు అప్పటికి కారు లేదు. తర్వాత కొన్నా, బిర్యానీకి కాపలాగా నన్ను ఆ సీట్లోనే ఉంచారు.

కారు ప్రతి ఆదివారం ఆగేది. అదీ ఒకే చోట. ఊరు దాటాక ఒక మలుపు, మలుపులో వంగిన పోస్టు డబ్బా, దాని వెనక తెల్ల చెక్క ఇల్లు. సరిగ్గా అక్కడికి రాగానే ఇంజన్ నిట్టూర్చేది. బండి మెల్లగా దొర్లి పోస్టు డబ్బాకి నమస్కరిస్తున్నట్టు ఆగేది. రత్నరాజు గారు దిగి, బానెట్ ఎత్తి, దాని వెనక ఒక్క నిమిషం మాయమై, తిరిగివచ్చి తీర్పు చెప్పేవారు.

వేసవిలో: "వేడికి పెట్రోలు ఆవిరైపోయిందండీ."

చలికాలంలో: "కార్బురేటర్ గడ్డకట్టిందండీ."

వేసవీ చలీ కాని రోజుల్లో: "దీని మనసు బాగోలేదండీ."

వసంతకుమారి గారు అప్పటికే సంచిలోంచి ఊలూ సూదులూ తీసి అల్లిక మొదలుపెట్టి ఉండేవారు. ఆ కారులో కూర్చుని ఆవిడ ఒక చలికాలంలో మూడు స్వెట్టర్లు పూర్తి చేశారు.

ఇంతలో తెల్ల ఇంటి తలుపు తెరుచుకునేది. పనిముట్ల పెట్టెతో ఒక ముసలాయన వచ్చేవాడు. పేరు వాల్టర్. ఆ కారు కంపెనీలో ఇరవై ఏడేళ్ళు ఇంజన్లు బిగించి, కంపెనీ మూతపడ్డాక ఇంటికొచ్చి కూర్చున్నవాడు. భార్య పోయి నాలుగేళ్ళు.

"మళ్ళీ ఏం చేశావు దీన్ని?" అనేవాడు వాల్టర్.

"నేనేం చేయలేదు సార్. అదే ఆగిపోయింది."

"నీలాంటివాళ్ళకి ఉద్యోగాలిస్తారు. అందుకే ఈ దేశం ఇలా అయింది."

"నిజమే సార్" అనేవారు రత్నరాజు గారు, స్పానర్ అందిస్తూ.

ఆ తర్వాత వాల్టర్ ఇంజన్‌కి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఫ్యాక్టరీ లైన్ మీద పనిచేసిన రోజుల గురించి మొదలుపెట్టేవాడు. మధ్యాహ్నం కూత కూయగానే ఎనిమిది వేలమంది ఒక్కసారి టిఫిన్ డబ్బాలు తెరిచే చప్పుడు. రంగు షాపులోంచి వచ్చే వాసన. కొత్త బండి మొదటిసారి స్టార్టయినప్పుడు, ఎన్ని వేల బండ్లు చూసినా, పని ఆపి తలెత్తే మనుషులు. రత్నరాజు గారు ఒక్కో స్పానర్ అందిస్తూ ఇవన్నీ యాభయ్యోసారి కూడా మొదటిసారిలా వినేవారు.

మేము వినలేకపోయేవాళ్ళం. ఆకలి.

చర్చిలో పరిస్థితి ఇంకా గంభీరం. ఆరాధన రత్నరాజు గారు లేకుండా మొదలయ్యేది కానీ బిర్యానీ రాకుండా ముగిసేది కాదు. మా పాస్టరు సామ్యూల్ అయ్యగారు కారు చప్పుడు వినపడేదాకా ప్రసంగాన్ని సాగదీసేవారు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిరిగిన నలభై ఏళ్ళను ఒక్కో ఏడాదీ విడివిడిగా మా సంఘం విన్నంత వివరంగా మరే సంఘమూ విని ఉండదు.

"అసలు ఈ కారు ఎందుకండీ మీకు?" అని ఒకరోజు విసుక్కున్నాను.

ఆయన స్టీరింగ్‌ని ఒకసారి నిమిరారు. "నరసాపురంలో మా నాన్న మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ గారికి డ్రైవరండీ. అచ్చం ఇదే మోడల్. గోదారి గట్టు మీద వస్తుంటే అరమైలు అవతల నుంచి ఇంజన్ చప్పుడు వినపడేది. అమ్మ పొయ్యి మీద అన్నం దింపేది. ఈ చప్పుడు వింటే ఇప్పటికీ నాన్న ఇంటికొస్తున్నట్టే ఉంటదండీ." ఆ తర్వాత నవ్వేసి అన్నారు. "ఆయన కూడా వాల్టర్ సార్‌లాగే చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు."

అది విని మా మనసులు కరిగాయి. కరిగిన మనసులతో ఒక ఘోరం చేశాం. 1982లో ఆయన ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళినప్పుడు, సంఘం తరఫున కానుకగా, ఆ కారును పెద్ద గ్యారేజ్‌కి పంపి సమూలంగా బాగు చేయించాం. వసంతకుమారి గారు తాళాలు ఇచ్చేటప్పుడు ఏదో చెప్పబోయి ఆగారు. సంతోషం వల్ల మాట రాలేదనుకున్నాం.

తిరిగొచ్చిన రత్నరాజు గారు బానెట్ ఎత్తి చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అదీ సంతోషమే అనుకున్నాం.

ఆ ఆదివారం అయ్యగారు స్వయంగా ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక్కి మారాను. కారు కుట్టుమిషనులా పరిగెత్తింది. మలుపు వచ్చింది. వరండాలో వాల్టర్ పనిముట్ల పెట్టెతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మేము ఆగలేదు. "స్తోత్రం!" అన్నారు అయ్యగారు. వాల్టర్ పైకెత్తిన చెయ్యి మెల్లగా దించడం వెనక అద్దంలోంచి నాకు కనిపించింది. ఆయన ఒంటి మీద గోధుమరంగు స్వెట్టర్ ఉంది. ఆ అల్లిక నేనెక్కడో చూశాను.

ప్రసంగం ఇరవై నిమిషాల్లో ముగిసింది. బిర్యానీ మూత తీస్తే పొగలు వచ్చాయి. రత్నరాజు గారు ముద్ద ముట్టలేదు.

"ఉపవాసం అండీ" అన్నారు. మా సంఘంలో భోజనాల రోజు ఉపవాసం ఉన్న మొదటి మనిషి ఆయనే.

రెండో ఆదివారం వాల్టర్ వరండాలో పెట్టె లేకుండా కూర్చుని ఉన్నాడు. మూడో ఆదివారం కుర్చీ ఖాళీ. కర్టెన్లు మూసి ఉన్నాయి, పోస్టు డబ్బాలోంచి వారం పేపర్లు బయటికి వేలాడుతున్నాయి. వసంతకుమారి గారు సూదులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపే చూశారు.

నాలుగో ఆదివారం అయ్యగారు లేరు, మేము నలుగురమే. మలుపు దగ్గర ఇంజన్ నిట్టూర్చింది.

ఈసారి నేను ఆయన వెనకే దిగాను. బానెట్ కింద రత్నరాజు గారు ఏమాత్రం తడబడకుండా, గేర్‌బాక్సులు గీసే ఆ వేళ్ళతో, ఒక తీగను సుతారంగా లాగి పక్కన పెట్టారు. తలెత్తి నన్ను చూశారు.

"ఏదో తేడా చేసిందండీ" అన్నారు.

"అవునండీ" అన్నాను.

రత్నరాజు గారు వెళ్ళి తెల్ల ఇంటి తలుపు తట్టారు. ఎవరూ రాలేదు. మళ్ళీ తట్టారు. లూసీ కారులోంచి దిగి నా పక్కన నిలబడింది. మూడోసారి తట్టాక గొళ్ళెం కదిలింది. గడ్డం మాసిపోయి, ఇంట్లో చెప్పులతో వాల్టర్.

"బాగైపోయిందిగా నీ బండి. వినబడింది నాకు. మూడు వారాల నుంచి."

"గ్యారేజ్ వాళ్ళకి ఈ ఇంజన్ గురించి ఏం తెలుసు సార్? చెడగొట్టారు."

వాల్టర్ ఆయన్ని ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళాడు. పెట్టెతో తిరిగొచ్చాడు. బానెట్ కిందకి వంగాడు. ఊడి వేలాడే తీగ గుడ్డివాడికైనా కనబడేలా ఉంది. వాల్టర్ తీగను చూశాడు. రత్నరాజు గారిని చూశాడు. మళ్ళీ తీగను చూశాడు.

"ఇది పెద్ద పనే" అన్నాడు. "గంట పడుతుంది."

"తొందరేం లేదు సార్" అన్నారు రత్నరాజు గారు, స్పానర్ అందిస్తూ.

ఆ రోజు అయ్యగారు తాపీగా అరణ్యం దాటి కానాను చేరి, రాజుల కాలం దాకా వచ్చేశారు. బిర్యానీ చల్లారింది. ఒక పళ్ళెం మాత్రం వేడిగా ఉన్నప్పుడే వాల్టర్ ఇంట్లో దిగింది.

తర్వాతి వారం రత్నరాజు గారికి జ్వరం. గుండిగ మోయడానికి నా అగ్గిపెట్టె కారే దిక్కయింది. వెనక సీటు పీకి ఇరికించాం. మలుపు దగ్గర, వరండాలో ముసలాయన్ని చూడగానే, నాలోనూ ఒక పుణ్యబుద్ధి మేల్కొంది. కారు ఆపి, బానెట్ ఎత్తి, కనిపించిన తీగలన్నీ పీకాను.

వాల్టర్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకున్నాడు. ఆ బండి కదలడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తిట్టినంత ఉల్లాసంగా ఆయన తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

జ్వరం తగ్గి చూడ్డానికి వచ్చిన రత్నరాజు గారు నా ఇంజన్‌లోకి ఒక్క క్షణం చూసి, నన్ను పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించారు.

"ఏంటండీ సుందర్ రాజ్ గారూ, అన్నీ పీకేశారు? మధ్యలోది ఒక్కటి చాలు. అదీ సగమే లాగాలి."